దయ్యాన్ని బడికి పిలుద్దాం

ఆదిలాబాద్ జిల్లా జైనథ్ మండలం ఆనంద్‌పూర్ బడిలో ఐదో తరగతి గదిలో దయ్యం ఉందని పిల్లలు గట్టిగా నమ్మారు. ఏ చప్పుడైనా అక్కడినుంచే వస్తోందనేవాళ్లు. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడికి ఈ సంగతి తెలిసింది. ఆయన పిల్లల్ని కసరలేదు, నవ్వి కొట్టిపారేయలేదు. దయ్యం లేదని ఎలా చూపిస్తే నమ్ముతారని వాళ్లనే అడిగాడు. అమావాస్య నాటి రాత్రి ఒక్కడే ఆ గదిలో పడుకోవాలన్నది వాళ్లు పెట్టిన షరతు. 2024 జూలై 5న, అమావాస్య నాడు, రాత్రి ఎనిమిదింటికి పిల్లలు చూస్తుండగా ఆయన ఆ గదిలోకి వెళ్లాడు. తెల్లారి ఆరింటికి పిల్లలు చూస్తుండగానే బయటికొచ్చాడు.

పత్రికలు దీన్ని ధైర్యం కథగా రాశాయి. నాకు మాత్రం అందులో ఒక మంచి పాఠం కనిపించింది. దయ్యం ఎక్కడ ఉంటుందో, ఏ రోజు వస్తుందో, ఏం చేస్తుందో ముందే చెప్పింది పిల్లలు. ఆ మాట నిజమో కాదో ఒక రాత్రిలో తేలిపోయేలా షరతు కట్టిందీ వాళ్లే. సాక్షులుగా నిలబడ్డదీ వాళ్లే. సైన్సు పుస్తకంలో ప్రయోగం గురించి రాసి ఉన్నదంతా ఆ షరతులో ఉంది. చాలా బడుల్లో ఏడాదంతా చెప్పినా పిల్లలకు అంటని విషయం అక్కడ ఒక్క భయం పుణ్యమా అని అంటింది.

2018 జూన్‌లో పాలకొల్లు ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడు కూడా ఇలాంటి పనే చేశారు. శ్మశానం బాగుచేసే పనికి కూలీలు భయపడి రాకపోతుంటే, మంచం వేయించుకుని అక్కడే పడుకున్నారు. దోమలు తప్ప ఇంకేమీ బాధ పెట్టలేదని పొద్దున్నే చెప్పారు. కానీ పెద్దవాళ్లకు ధైర్యం చెప్పడం వేరు, పిల్లల చేత ప్రశ్న వేయించడం వేరు. ఆనంద్‌పూర్ బడిలో జరిగింది రెండోది. అది ఒక మాస్టారి చొరవతో ఒక్క రాత్రికి ఆగిపోకుండా ప్రతి బడిలో, ప్రతి ఏడాదీ జరగాలంటే ఎలాగన్నదే ఇక్కడ నేను రాయదలచుకున్నది.

ఉమ్మడి నల్గొండ జిల్లాలోని మా ఆలేరు మండలంలో ఏ ఊరికైనా వెళ్లి పిల్లల్ని కూర్చోబెట్టి అడగండి. ఏ చింతచెట్టు కిందికి మాపటేళ పోకూడదో, ఏ పాడుబడ్డ బావిలోకి తొంగిచూడకూడదో, వాగు ఒడ్డున ఎక్కడ గాలి సోకుతుందో, రైలు పట్టాల మీద ఎక్కడ తెల్లచీర కనిపిస్తుందో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. తెలుగు పాఠం ఒప్పజెప్పమంటే నోరు మెదపని పిల్లవాడు దయ్యం కథ చెప్పమంటే చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ పావుగంట చెబుతాడు. ఇంత సరుకు ఉన్న పిల్లవాడికి మనం ఇచ్చేది రెండే. ఇంట్లో చెబితే తాయెత్తు, బడిలో చెబితే కసురు. తాయెత్తు భయాన్ని అలాగే ఉంచుతుంది. కసురు దాన్ని లోపలికి నెడుతుంది. రెండింట్లోనూ వాడు అడగబోయిన ప్రశ్న చచ్చిపోతుంది.

అమెరికాలో ఆ భయానికి ఒక తేదీ ఉంది. అక్టోబరు 31, హాలోవీన్. ఐర్లండు, స్కాట్లండు రైతుల పాత పండుగ అది. కోతలు ముగిసి చలికాలం దిగే రాత్రి చనిపోయినవాళ్లు తిరిగొస్తారని వాళ్ల నమ్మకం. టర్నిప్ దుంపల్ని తొలిచి మొహాలు చెక్కి అందులో దీపం పెట్టేవాళ్లు. వలస వెళ్లినవాళ్లకు అమెరికాలో అంతకన్నా పెద్దది, మెత్తగా తొలవగలిగేది గుమ్మడికాయ దొరికింది. పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుక్కోవడం తర్వాత కలిసింది.

హైదరాబాదులో కొన్ని ప్రైవేటు బడులు ఇప్పుడు ఆ పండుగ చేస్తున్నాయి. ప్లాస్టిక్ పుర్రెలు, నల్ల గౌన్లు, ఎర్ర రంగు పూసిన పెదాలు, చివర ఒక గ్రూపు ఫొటో. తల్లిదండ్రులకు అదనపు ఖర్చు తప్ప పిల్లవాడికి అందులో ఏమీ లేదు. అమెరికా బడి నుంచి తెచ్చుకోవలసింది వేషం కాదు, అక్టోబరు నెలలో అక్కడి పంతులమ్మలు గుమ్మడికాయతో చేసే పని.

ఒక కాయను బల్ల మీద పెడతారు. ఎంత బరువు ఉంటుందో ప్రతి పిల్లా ముందు అంచనా రాయాలి. తర్వాత తూకం. నడుము చుట్టూ టేపు పెట్టి కొలవాలి. పైనుంచి కిందికి ఉండే చాళ్లు లెక్కపెట్టాలి. నీళ్లలో వేస్తే తేలుతుందా మునుగుతుందా చెప్పాలి, వేసి చూడాలి. ఆఖరికి కోసి గింజలు తీసి పదేసి చొప్పున కుప్పలు పెట్టి లెక్కించాలి. పెద్ద కాయలో ఎక్కువ గింజలు ఉంటాయనుకున్న పిల్లలకు చాలాసార్లు చిన్న కాయలో ఎక్కువ దొరుకుతాయి. మార్గరెట్ మెక్‌నమారా 2007లో రాసిన ఒక బొమ్మల పుస్తకం ఈ ఒక్క ఆశ్చర్యం మీదనే నడుస్తుంది. అంచనా, కొలత, స్థానవిలువ, తప్పిన అంచనాను దిద్దుకోవడం, ఇవన్నీ చేతులకు జిగురు అంటుకుంటుండగా జరిగిపోతాయి. దీనికి కావలసింది ఒక కాయ, ఒక టేపు, కూరగాయల కొట్టు తక్కెడ. ఆలేరు అంగట్లో మూడూ దొరుకుతాయి.

ఇంకొకటి నాకు మరీ నచ్చింది. గుడ్లగూబ ఎలుకను నమలకుండా మింగుతుంది. అరగని ఎముకల్ని, బొచ్చును ఉండచుట్టి నోటి గుండా కక్కేస్తుంది. అమెరికా బడులు ఆ ఉండల్ని వేడిచేసి శుభ్రపరిచినవి కొని తెచ్చి పిల్లల చేతికిస్తాయి. చిన్న చిమటాతో విప్పుతూ పోతే పుర్రె, దవడ, పక్కటెముకలు, తొడ ఎముక ఒక్కొక్కటే బయటపడతాయి. వాటిని అట్ట మీద పేర్చి ఎలుక అస్థిపంజరం నిలబెట్టాలి. ఒక్కో ఉండలో రెండు మూడు ఎలుకలు దొరకడమూ ఉంది. ఇక మన సంగతి చూడండి. గుడ్లగూబ కూస్తే చావు కబురని వణికిపోతాం. పాడుబడ్డ ఇంటి దూలం మీద తెల్లటి మొహంతో కూర్చుని అర్ధరాత్రి కీచుమని అరిచే గూబను చూసి దయ్యమనుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ దూలం కింద నేల మీద చూస్తే ఈ ఉండలు కనిపిస్తాయి. చేతికి తొడుగు వేసుకుని ఏరి, బాగా వేడిచేసి విప్పి చూసిన పిల్లవాడికి రెండు సంగతులు తెలుస్తాయి. దయ్యం మొహం ఎవరిదో ఒకటి. తన తండ్రి వరి చేలో ఎలుకల్ని పట్టిపెట్టేది ఆ పిట్టేనని రెండోది. గబ్బిలానికీ ఇదే న్యాయం. అపశకునమని జనం ఇంట్లోంచి తరిమే గబ్బిలం చేత జాషువా 1941లో తన కావ్యంలో శివుడికి కబురు పంపించాడు. ఆ కావ్యం చదివించేటప్పుడు బురుజుల్లో, పాత గుళ్లలో తలకిందులుగా వేలాడే గబ్బిలాల్ని చూపించి, పురుగుల్ని తినే జాతులేవో, పండ్లు తిని అడవికి గింజలు చల్లే జాతులేవో మాట్లాడుకోవచ్చు.

హాలోవీన్‌లో మంచి మరొకటి ఉంది. 1950లో ఫిలడెల్ఫియాలో ఒక చర్చి పాస్టరు కుటుంబం, పిల్లలు ఇంటింటికీ తిరిగి అడిగే మిఠాయికి బదులు చిల్లర పైసలు అడగమని, దూరదేశాల పిల్లల కోసం యునిసెఫ్‌కు పంపుదామని మొదలుపెట్టింది. పాల డబ్బాలకు చిల్లు పెట్టి హుండీలు చేశారు. ఆ అలవాటు దేశమంతా పాకింది. దయ్యం వేషం వేసిన పిల్లవాడు ఇంకో పిల్లవాడి కోసం చెయ్యి చాపాడు.

అమెరికా దక్షిణపు సరిహద్దు దాటితే మెక్సికో. అక్కడ నవంబరు 1, 2 తేదీలు చనిపోయినవాళ్ల పండుగ. యునెస్కో గుర్తించిన వారసత్వం అది. ఇంట్లో పీట పెట్టి, దాని మీద పెద్దల ఫొటోలు, వాళ్లకు ఇష్టమైన తిండి, దీపాలు, పూలు పెడతారు. మొదటి రోజు చనిపోయిన పిల్లలకు, రెండోది పెద్దలకు. బడుల్లోనూ ఆ పీట పెడతారు. ప్రతి పిల్లా తన ఇంటి పెద్ద గురించి నాలుగు మాటలు తెలుసుకుని రావాలి. దానితో పాటు కాలావెరీతాలని చిన్న హాస్య పద్యాలు రాస్తారు. బతికున్న మనిషిని మృత్యువు వచ్చి ఎలా తీసుకుపోయిందో ఊహించి రాసే వెక్కిరింత పద్యం అది. పిల్లలు హెడ్‌మాస్టరు మీద రాస్తారు, లెక్కల టీచరు మీద రాస్తారు, చదివి వినిపిస్తారు. ప్రాస కుదరాలి, నవ్వు రావాలి, మనిషి గుర్తుపట్టేలా ఉండాలి. మన తెలుగు టీచర్లు ఎంత చెప్పినా రాని ఛందస్సు మీద ఆసక్తి ఇలా వస్తుందని నేను నమ్ముతాను. మృత్యువు మాట ఇళ్లల్లో కుదరదంటే దోమ మీద రాయించండి, వాగు మీద రాయించండి, కరెంటు కోత మీద రాయించండి.

ఆ పీట మీద పెట్టే పూలు ఏమిటో చెబితే ఆలేరు పిల్లలు ఉలిక్కిపడతారు. మన బంతిపూలే. వాళ్ల పేరు సెంపసూచిల్. ఘాటైన వాసన, నారింజ రంగు చనిపోయినవాళ్లకు దారి చూపిస్తాయని వాళ్ల నమ్మకం. బంతి పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చిందని చెబుతారు. ఇప్పుడు మన పెత్రమాస సంగతి తలుచుకోండి. భాద్రపద అమావాస్య నాడు పొద్దున చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తాం. తంగేడు, గునుగు, కట్లపూలతో పాటు బంతిపూలూ అందులో ఉంటాయి. సముద్రాలకు అటు ఇటు ఉన్న రెండు ఊళ్లలో, సుమారు నెల రోజుల తేడాతో, పెద్దల్ని తలుచుకునే పండుగలో అదే పువ్వు. బతుకమ్మ శిఖరాన పెట్టే గుమ్మడి పువ్వు పుట్టిల్లూ అమెరికా వైపే. గుమ్మడి ఆ ఖండంలో పుట్టింది, దిష్టికి ఇంటి ముందు కట్టే బూడిద గుమ్మడి ఆసియాది. ఒక్క పటం, రెండు కాయలు, ఒక పువ్వు ఇచ్చి ఏది ఎక్కడినుంచి వచ్చిందో, ఏది మొదటినుంచీ ఇక్కడే ఉందో కనుక్కోమంటే అది వారం రోజుల భూగోళం పాఠం.

జపాన్‌కు వస్తే, అక్కడ దయ్యానికి ప్రొఫెసరే దొరికాడు. ఇనోవె ఎన్ర్యో 1858లో పుట్టాడు. 1886లో వింతల్ని పరిశోధించడానికి ఒక సంఘం పెట్టాడు. మరుసటి ఏడాది తత్వశాస్త్రం బడి స్థాపించాడు. ఇవాళ్టి తోయో విశ్వవిద్యాలయం అదే. దేశమంతా తిరిగి దయ్యాల కథలు పోగుచేసి, ఊరూరా ఉపన్యాసాలిచ్చి, 1919లో ఉపన్యాసయాత్రలోనే చనిపోయాడు. జనం ఆయన్ను దయ్యాల పండితుడనేవాళ్లు. ఆయన పద్ధతిలో గొప్పతనం, దయ్యాలన్నిటినీ ఒకే దెబ్బతో అబద్ధమని కొట్టేయకపోవడం. విన్న ప్రతి కథనూ నాలుగు గంపల్లో ఒకదానిలో వేసేవాడు. మనిషి కావాలని కల్పించినవి. కాకతాళీయంగా జరిగినదాన్ని పొరపాటుపడి దయ్యమనుకున్నవి. వెతికితే ప్రకృతిలోనో మనసులోనో కారణం దొరికేవి. ఈ మూడూ పోగా నిజంగా అంతుచిక్కనివి. నాలుగో గంప ఉంచడం వల్ల ఆయన మాట జనం విన్నారని నాకనిపిస్తుంది. నీకు కనిపించింది అబద్ధం అంటే ఎవరూ కూర్చోరు. నీకు కనిపించినదాన్ని ఏ గంపలో వేద్దామంటే కూర్చుంటారు.

ఆయన కాలంలో జపాన్‌ను కొక్కురి అనే ఆట ఊపేసింది. మూడు వెదురు కర్రలు కట్టి, పైన పళ్లెం పెట్టి, చుట్టూ నలుగురు చేతులు ఆనిస్తే అది ఊగి ప్రశ్నలకు జవాబు చెబుతుంది. నక్క దయ్యం పూనిందనుకునేవాళ్లు. ఎన్ర్యో వెతుక్కుంటూ పోతే ఆ ఆట షిమోదా రేవులో చిక్కుకున్న అమెరికా ఓడ నావికుల దగ్గరినుంచి వచ్చిందని తేలింది. దయ్యం కాదు, ఆశతో ఉన్న మనసు తెలియకుండా చేతిని కదిలిస్తోందని 1887లో పుస్తకం రాశాడు. అంతకు ముందే, 1853లో, మైకేల్ ఫారడే లండన్‌లో ఇలాంటి బల్లల ఆట పరీక్షించాడు. చేతికీ బల్లకూ మధ్య కదిలే అట్టలు పెట్టి, బల్ల కన్నా ముందు చెయ్యే కదులుతోందని చూపించాడు.

మన జిల్లాలో దీనికి అచ్చంగా సరిపోయేది ఒకటి ఉంది. బోరు వేయించే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే మనిషి. నీళ్లున్న చోట కాయ నిలువుగా లేస్తుందంటారు. కొందరు వేపపంగ పట్టుకుంటారు. అది కదిలేదీ అదే కారణం వల్ల. పట్టుకున్న మనిషి మోసగాడు కానక్కర్లేదు. చాలామంది నిజంగానే నమ్ముతారు. బడి ఆవరణలో పది బకెట్లు మూతలతో వరసగా పెట్టి ఐదింటిలో నీళ్లు పోయండి. ఏవి నిండాయో పట్టుకున్నవాడికీ తెలియకూడదు, పక్కన రాసుకునేవాడికీ తెలియకూడదు. ఊరికే ఊహించినా పదింటిలో సగటున ఐదు తగులుతాయి. ఎన్ని తగిలితే నమ్మాలి, ఎన్నిసార్లు చేస్తే నమ్మాలి అన్న చర్చ పిల్లల నోటితోనే రావాలి. బోరు ఎండిపోయి అప్పులైన ఇంటి పిల్లవాడికి ఆ లెక్క ఎంత పనికొస్తుందో నల్గొండ మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

పిల్లల్ని చీకట్లో జంటలు జంటలుగా నడిపించే కిమోదమెషి అనే ఆట కూడా జపాన్ వేసవి శిబిరాల్లో ఉంది. గుండె దిటవు పరీక్ష. దాన్ని మన దగ్గర చేయమని నేను చెప్పను. పాములు, తేళ్లు, తెరిచిన బావులు మనకెక్కువ.

ఇప్పుడు తేదీ సంగతి. మనకు అక్టోబరు 31 అక్కర్లేదు. పెత్రమాసకు ముందున్న పదిహేను రోజులు, మహాలయ పక్షం, చాలు. దసరా సెలవులు సాధారణంగా ఆ అమావాస్య అటు ఇటుగానే మొదలవుతాయి కనుక సెలవులకు ముందటి ఆ రెండు వారాలు బడిలో చదువు ఎలాగూ చురుగ్గా సాగదు. చనిపోయినవాళ్ల మాట ప్రతి ఇంట్లోనూ వచ్చే కాలమది. తర్పణం వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల పేర్లు చెప్పాలి. బియ్యం ఇచ్చే ఇళ్లలోనూ ఎవరి పేరు మీద ఇస్తున్నారో చెప్పుకుంటారు. పిల్లవాడికి ఆ పక్షంలో ఇవ్వవలసిన పని ఇదే. మూడు తరాల పేర్లు కనుక్కుని రా. తాతల పేర్లు తేలిగ్గా దొరుకుతాయి. తాతమ్మల పేర్లు అడిగితే ఇల్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ ఖాళీ గడులు ఎందుకు ఖాళీగా ఉన్నాయన్నదే ఆ రోజు సాంఘికశాస్త్రం పాఠం. పేర్లతో పాటు ఊళ్లూ వస్తాయి. మగ్గం పని కోసం షోలాపూర్‌కు, భివండీకి పోయిన నేతపని వాళ్లుంటారు, బొంబాయిలో కూలికి పోయినవాళ్లుంటారు. రజాకార్ల కాలంలో పిల్లల్ని చంకనేసుకుని రాత్రికి రాత్రి ఊరొదిలిన ముసలమ్మ కథ ఏదో ఒక ఇంట్లో తప్పకుండా ఉంటుంది. ఇదంతా దయ్యాల కథ వినడానికి కూర్చున్న పిల్లవాడు రాసుకునే చరిత్ర. అమెరికాలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అక్టోబరు నెలలో ఒక శనివారం బతుకమ్మ ఆడి, నెలాఖరుకు హాలోవీన్ వేషం వేసే మన మనవలు మనవరాళ్లు ఆ ముత్తాతల వారసులే. ఆ పట్టికలో వాళ్ల గడులూ గీయాలి.

దయ్యం చేత పాఠం చెప్పించడం మనకు కొత్త కాదు. 1947లో పుట్టిన చందమామలో తరాల తరబడి మనం చదివిన బేతాళ కథల్లో పాఠం చెప్పేది శవంలో దూరిన బేతాళుడే. ప్రతి కథ చివరా ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే శవాన్ని మోస్తున్న రాజు తల పగులుతుంది. జవాబు చెబితే మౌనం చెడుతుంది, శవం తిరిగి చెట్టెక్కుతుంది. ఆ ప్రశ్న దగ్గర పుస్తకం మూసి, రాజు జవాబు చదవకుండా, పిల్లలు తమ జవాబు చెప్పి వాదించుకునేలా చేసే టీచరు ఉంటే వేరే వాదనాపోటీ ఎందుకు? 1990ల్లో మన ఊళ్లలో తలుపుల మీద సుద్దతో, బొగ్గుతో ఓ స్త్రీ రేపు రా అని రాసుకున్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుంది. కర్ణాటకలోనూ ఇదే నడిచింది. వచ్చిన దయ్యం అది చదివి వెనక్కి పోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి, దయ్యం ఎప్పటికి లోపలికి రాగలదు, ఎందుకు, అని అడగండి. తర్కం అనే మాట చెప్పకుండానే తర్కం మొదలవుతుంది. దయ్యానికి చదువు రావాలన్న షరతు అందులో దాగుందని ఏదో ఒక పిల్ల తప్పక పట్టుకుంటుంది.

అమెరికా బడిలో ఇంకో పాఠమూ ఉంది. హాలోవీన్ తరగతుల్లో అట్టతో చేసిన అస్థిపంజరం వేలాడదీసి ఎముకల పేర్లు నేర్పుతారు. పెద్ద మనిషికి 206 ఎముకలు, పుట్టిన బిడ్డకు 270 నుంచి 300 దాకా ఉండి, పెరుగుతూ అతుక్కుపోతాయి. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఆ పాఠం అంతటితో ఆగకూడదు. మర్రిగూడ వైపు ఊళ్లలో వంగిన వెన్నుతో, వంకర తిరిగిన కాళ్లతో జీవితమంతా గడిపినవాళ్లను మనం చూశాం. అది శాపం కాదు, పాపం కాదు. తాగిన నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉన్న ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుపోయింది. పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. దానికి ప్రపంచమంతా వాడే పేరు నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది ఎముకల బాధ వల్లనేనని ఆలేరు పిల్లవాడు తెలుసుకోవాలి. బకెట్టు నీళ్లలో పటిక వేసి కలిపి, మురికి అడుగుకు దిగడం చూడటం ఒక పూట పని.

ఒక్క విషయంలో మాత్రం ఏ టీచరూ చొరవ మించకూడదు. మన ప్రాంతంలో దయ్యం ఊహ మాత్రమే కాదు. బాణామతి, చేతబడి చేసిందనో చేశాడనో అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టిన, చంపిన ఘటనలు తెలంగాణలో ఎన్నో జరిగాయి. అందులో ఒంటరి ముసలమ్మలు, బీదవాళ్లు, ఊరి చివర బతికేవాళ్లు ఉన్నారు. కనుక బడిలో దయ్యం ఆటకు ఒక గీత గీయాలి. ఏ బతికున్న మనిషి పేరూ ఆ కథల్లోకి రాకూడదు. వచ్చిందా, ఆట ఆపి ఆ సంగతే మాట్లాడాలి. ఇంట్లో ఎవరైనా ఈమధ్య చనిపోయిన పిల్లవాడి మీద ఒక కన్నేసి ఉంచాలి, వాడు చెప్పదలచుకోకపోతే వదిలేయాలి. పీర్ల పండుగలో అలావ చుట్టూ ఆడే పిల్లవాడు, పెత్రమాస లేని ఇంటి పిల్లవాడు, ఆదివారం చర్చికి పోయే పిల్లవాడు, అందరి కథకూ ఆ నాలుగు గంపల్లో చోటుండాలి. ఎవరి దేవుణ్ణీ గంపలో వేయకూడదు.

తల్లిదండ్రులు అడ్డం చెబుతారేమో అన్న జంకు టీచర్లకు ఉంటుంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరింది. 51ఎ(హెచ్) అధికరణం అది. అంత పెద్ద కాయితం చూపించే అవసరం రాకపోవచ్చు. పిల్లవాడు ఇంటికొచ్చి తాతమ్మ పేరు అడుగుతుంటే ఏ ఇల్లూ కాదనదు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు చాలా మండలాల్లో ఉన్నారు. వాళ్లు పిల్లల కోసం తెచ్చే చెకుముకి పత్రిక ఉంది. పిలిస్తే వచ్చి నిప్పుల మీద నడక, నిమ్మకాయ కోస్తే రక్తం కారడం లాంటివి చేసి చూపిస్తారు, వెనకున్న కిటుకు చెబుతారు. ఆనంద్‌పూర్ మాస్టారూ ఆ సంఘంలోని మనిషే.

మొదలుపెట్టడానికి ఒక నోటుబుక్కు చాలు. మహాలయ పక్షం మొదటి రోజున ఐదో తరగతి పిల్లలు తాము విన్న దయ్యం కథ ఒక్కొక్కటి అందులో రాయాలి. కథ కింద నాలుగు ప్రశ్నలు. నీకు ఎవరు చెప్పారు? వాళ్లు స్వయంగా చూశారా, వాళ్లకూ ఎవరైనా చెప్పారా? ఎప్పుడు, ఎక్కడ? ఇది నిజమో కాదో తేలాలంటే ఏం చేయాలి? మొదటి మూడింటికీ జవాబులు ఇంటినుంచి తెచ్చుకోవచ్చు. నాలుగోదానికి తరగతి అంతా కలిసి ఆలోచించాలి. అమావాస్య ముందు రోజున ప్రతి కథనూ నాలుగు గంపల్లో ఒకదానిలో వేసి, ఎందుకు వేశారో పక్కన రాసి, పుస్తకం ఆరో తరగతికి అప్పగించాలి. అంతుచిక్కని గంపలో మిగిలిన కథలు వచ్చే ఏడాది ఆరో తరగతికి వచ్చిన ఈ పిల్లలే మళ్లీ తెరుస్తారు.